దుష్టాశ్వము: దోషమెవ్వరిది?

తెలుగునాట అక్షరాభ్యాసమైన ప్రతి బాలుడును ఏదో యొక తరగతిలో సుమతీశతకమందలి యొక కందపద్యమును వల్లించియే యుండును. ఆపదలో ఆదుకొనని బంధువును, ఎంత కొలిచినను కోరిక తీర్పని దైవమును, కదనరంగమున తన్ను మోయుచు ముందునకు దుముకని గుఱ్ఱమును తడవు సేయక వదలుకొనవలయునని యా పద్యమునకు తాత్పర్యము. శతకము బద్దెన రచనమని ప్రసిద్ధి. కర్తృత్వమున విప్రతిపత్తి కలదు గాని, పద్యమునకు గల ప్రచారమును గూర్చి యెవ్వరికిని సందేహము లేదు. నీతిశతకములనుండి లోకోక్తులుగా మాఱిన పద్యములలో నిది మొదటి వరుసలోనిది.

దీనికి తాత్పర్యము వ్రాయువారు సాధారణముగా మూటిని నొకే త్రాట గట్టి, పనికిరానిదానిని విడువవలయునను నొక్క నీతిని తేల్చి విరమించుచున్నారు. బంధువును గూర్చియు, దైవమును గూర్చియు నిచట నేను విచారింప బూనలేదు. నా విచారము మూడవదానిని గూర్చి మాత్రమే. గుఱ్ఱము మొరాయించినచో దోషము గుఱ్ఱమునదా? ఈ ప్రశ్న కేవలము సాహిణులకు సంబంధించినది కాదు. మన వాఙ్మయమున దీనికి రెండు తీర్పులు కలవు. ఒకటి పుట్టుకను బట్టి చెప్పినది. రెండవది పెంపకమును బట్టి చెప్పినది. మొదటిదానికి లక్షణమని పేరు. రెండవదానికి వినయమని పేరు. మనము మొదటిదానినే యశ్వశాస్త్రసర్వస్వముగా నెంచుటచే రెండవది మఱుగుపడినది. అట్లు మఱుగుపడుటచే శతకపద్యమున కుండవలసిన హద్దు చెరిగిపోయినదని నా యభిప్రాయము.

ముందుగా పద్యార్థమును నిలిపి చూడవలయును. బంధువునకు స్వేచ్ఛ కలదు. సాయపడగలిగియు సాయపడకుండుట యతని యిచ్ఛ. దైవమునకును స్వాతంత్ర్యము కలదని భక్తుల నమ్మకము. గుఱ్ఱ మట్టిది కాదు. మనుష్యుని వీపున మోయుట దానికి ప్రకృతిసిద్ధము కాదు. ఆ పని దానికి నేర్పవలసినదే. శంఖకాహళధ్వనుల నడుమ, ఏనుగుల కెదురుగా, రక్తపుగంధము సోకుచుండగా ముందునకు నడచుట మఱింత ప్రకృతివిరుద్ధము. కావున పద్యమందలి మూడింటిలో గుఱ్ఱ మొక్కటియే యింకొకరి చేతిపనికి ఫలముగా మన యెదుట నిలిచియున్నది. బంధువు తన తప్పునకు తానే కర్త. గుఱ్ఱము తప్పునకు కర్త వేఱొకడు ఉండవచ్చును. పద్యమీ భేదమును చెప్పలేదు. చెప్పవలసిన యవసరమును దానికి లేదు. ఏలయన నది యుద్ధమధ్యమున నున్న రౌతునకు చేసిన యుపదేశము. ఆ క్షణమున కారణవిచారమునకు తావు లేదు. ప్రాణము దక్కించుకొనుటయే పని. తాత్పర్యకర్తలు రణరంగమును తీసివేసి నీతిని మాత్రము మిగిల్చిరి. అందుచే తాత్కాలికోపాయము శాశ్వతధర్మమైనది.

పదముల చరిత్రను బట్టి చూచినను ఈ విషయము స్పష్టపడును. కిశోరశబ్దము నేడు మనకు యువకుని యందు రూఢము. అమరసింహుడు దానిని క్షత్రియవర్గమున గుఱ్ఱములను చెప్పుచోట, గుఱ్ఱపుపిల్లకు పేరుగా పఠించినాడు. అట్లే వినీతశబ్దము. మనము వినీతుడనగా అణకువ గలవాడని యర్థము చెప్పుకొందుము. అమరకోశమున, చక్కగా మోయునట్లు శిక్షింపబడిన గుఱ్ఱమునకు వినీతమని పేరు. దానికి ప్రక్కనే మంచి జాతిలో బుట్టిన గుఱ్ఱమునకు ఆజానేయమని వేఱొక పేరు చెప్పబడినది. ఈ రెండు పదములు ప్రక్కప్రక్కన నుండుట యాలోచింపదగిన యంశము. కోశకర్త దృష్టిలో జాతి వేఱు, వినయము వేఱు. ఆజానేయమైన గుఱ్ఱము వినీతము కాకపోవచ్చును. వినీతమైనది ఆజానేయము కాకపోవచ్చును. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని యమరుడు పేర్కొన్న యైదు ధారలును, అనగా నైదు నడకలును, రౌతు కోరినప్పుడు కోరినట్లు వెలువడవలెనన్నచో శిక్షణము లేక సాధ్యము కాదు. ప్రబంధకవులు గుఱ్ఱపు నడకలను వర్ణించునపుడు ఈ ధారల నెఱిగియే వర్ణించిరి. మనము శబ్దాలంకారములను లెక్కించి, ఆ నడక వెనుక నున్న సాహిణి శ్రమను మఱచితిమి.

తెలుగున అశ్వశాస్త్రమనగానే మనుమంచి భట్టు హయలక్షణవిలాసము స్మరణకు వచ్చును. శాలిహోత్రసంప్రదాయము ననుసరించిన యా పద్యకృతి మన శాస్త్రవాఙ్మయమున నొక విశిష్టస్థానము నందినది. దాని పేరుననే లక్షణశబ్ద మున్నది. సంస్కృతమున నకులుని పేర వెలసిన యశ్వశాస్త్రమును తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమువారు 1952లో వర్ణచిత్రములతో ప్రకటించిరి. వన్నెలు, సుడులు, అవయవప్రమాణములు, శుభాశుభఫలములు: ఇట్టి గ్రంథములను తెఱచిన పాఠకునకు ముందుగా గన్పట్టునవి యివియే. ఏ సుడి యెచట నున్న యజమానునకు చేటు గలుగునో చెప్పు శాస్త్రమునకు విమర్శకుని దృష్టిలో కుతూహలమే కాని గౌరవము లేదు. అందుచే మన సాహిత్యచరిత్రలలో నివి యొకటి రెండు వాక్యములతో ముగియుచున్నవి.

లక్షణశాస్త్రమును పూర్తిగా త్రోసివేయుట తగదు. గుఱ్ఱమును కొనువాడు కన్నులు, గిట్టలు, కాళ్లు, ఱొమ్ము, దంతములు పరీక్షింపక కొనరాదు. దంతములను బట్టి వయస్సు నెఱుగుట నేటికిని నిలిచిన విద్య. లక్షణపరీక్ష యిట్లు దేహమును చూచినంతవరకు ప్రయోజనకారి. దేహమునుండి శీలమునకు దాటి, ఫలానా సుడి యున్నది గాన నిది దుష్టమని పుట్టిననాడే ముద్ర వేసినపుడు చిక్కు వచ్చుచున్నది. దుష్టమని ముందే తీర్పు పొందిన కిశోరమును ఓపికతో శిక్షించువాడెవ్వడు? శిక్షణము లేక యది దుష్టమే యగును. అపుడు లక్షణశాస్త్రము నిజమైనట్లు తోచును. తీర్పే నేరమును బుట్టించు విపరీత మిది.

లక్షణమునకును వినయమునకును గల సంబంధమును తేటపఱచు ఘట్టము నలోపాఖ్యానమున గలదు. నన్నయ యారణ్యపర్వమున తెనిగించిన కథ యిది. దమయంతి పునస్స్వయంవరమని విని ఋతుపర్ణుడు ఒక్కదినమున విదర్భకు చేరదలచెను. బాహుకుడను పేర నున్న నలుడు శాలలో కృశించిన గుఱ్ఱములను ఎన్నుకొనెను. రాజు వానిని జూచి, ఇవియా యంతదూరము మోయునవి యని శంకించెను. వ్యాసభారతమున బాహుకుడు వాని సుడులను చెప్పి, ఇవి సింధుదేశపు గుఱ్ఱములని సమాధానపఱచెను. ఇంతవరకు లక్షణవిద్య. మూలమున నిటుపై నొక చిన్న సంఘటన గలదు. రాజు త్వరపడి రథ మెక్కగానే యా గుఱ్ఱములు మోకాళ్లపై నేల కొరిగినవి. సామాన్యుడైన సారథి యచట కొరడా నెత్తును. నలుడు వానిని ముందుగా సాంత్వనపఱచెను. పిదప పగ్గములు పట్టి యెత్తెను. ఆ తరువాతనే రథము గాలివలె కదలెను. లక్షణములు సరిపడిన గుఱ్ఱములు సైతము తొట్రుపడినవి. వానిని నిలిపినది సుడులు కావు, సాంత్వనము. నలుని అశ్వహృదయమనగా నేదో మంత్రమని మనము భావింతుము. ఈ ఘట్టమును బట్టి చూడగా నది గుఱ్ఱము భయమును గుర్తించి, ఆ భయము తగ్గువఱకు త్వరపడకుండుట యని చెప్పుట యుచితముగా నుండును.

విరాటపర్వము మఱింత విశదమైన ప్రమాణము. తిక్కన దామగ్రంథి యని పిలిచిన నకులుడు విరాటుని కొలువున ప్రవేశించునపుడు తన విద్యను తానే చెప్పుకొనును. వ్యాసుని పాఠమున నతడు నాలుగు విషయములను వేర్వేఱుగా పేర్కొనినాడు: గుఱ్ఱముల ప్రకృతి నెఱుగుదును, శిక్షణ మెఱుగుదును, దుష్టములైనవాని యెడ నడచుకొనవలసిన తీరు నెఱుగుదును, చికిత్స యంతయు నెఱుగుదును. తరువాత నింకొక మాట: నా చేతిలోని వాహన మెన్నడును పిఱికిది కాదు, నా యొద్ద ఆడుగుఱ్ఱము సైతము దుష్టము కాదన, మగగుఱ్ఱముల మాట చెప్పనేల? ఈ ప్రతిజ్ఞను సాధారణమైన యాత్మస్తుతిగా చదివి దాటిపోవుట వాడుక. నిలిచి చదివినచో నిందొక సిద్ధాంతము గన్పట్టును. నకులుడు తన శాలలో దుష్టాశ్వములను ఏరివేయుదునని యనలేదు. తన చేతిలో దుష్టాశ్వము ఉండదని యన్నాడు. పిఱికితనమును దుష్టత్వమును నొకే యూపిరిలో చెప్పుట గమనింపదగినది. కఱచుట, తన్నుట, నిలువుగా లేచుట, మొరాయించుట అను చేష్టలకు భయమే తఱచు మూలమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చికిత్సను శిక్షణమునకు దూరముగా నుంచక పక్కనే చెప్పుటయు నట్టిదే. పంటినొప్పి గల గుఱ్ఱము కళ్లెము నొల్లదు. వీపున ఒఱపిడి గల గుఱ్ఱము జీనును సహింపదు. దానిని దుష్టమని కొట్టువాడు రోగిని నేరస్థునిగా దండించుచున్నాడు.

రాజనీతిగ్రంథములను ఈ దృష్టితో చూచినచో నదే నిర్ణయము బలపడును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షప్రకరణమునందు నాలుగేండ్ల లేక యైదేండ్ల గుఱ్ఱము పూర్ణప్రమాణము గలదై పనికి తగునని చెప్పినాడు. గుఱ్ఱపు వెన్నెముక యెముకలు పూర్తిగా గట్టిపడుటకు అయిదాఱు సంవత్సరములు పట్టునని నేడు తెలిసిన విషయముతో నిది చాలవఱకు సరిపడుచున్నది. తొందరపడి రెండేండ్ల కిశోరముపై బరువు మోపి, అది మొరాయించినదని నిందించుట కౌటిల్యునకును సమ్మతము కాదు. అతడు గుఱ్ఱముల స్వభావమును తీక్ష్ణము, భద్రము, మందము అని మూడువిధములుగా విభజించి, ఆ భేదమును బట్టి యుద్ధమునకో వాహ్యాళికో నియోగింపుమనెను. మందమైనదానిని విడిచిపుచ్చుమని యనలేదు. దానికి తగిన పని నప్పగింపుమనెను. చికిత్సలో నశ్రద్ధచే రోగము పెరిగినచో, నయమగుటకైన వ్యయమునకు రెండింతలు దండము విధించెను. దోషము గుఱ్ఱమునందు గన్పట్టినను శిక్ష మనుష్యునకే.

శుక్రనీతి యింకొక యడుగు ముందునకు వేసినది. ఆ గ్రంథకాలము వివాదగ్రస్తము. ఇటీవలిదని తలచువారును గలరు. కాలమేదైనను దాని మాట విలువైనది. కొట్టరాని చోట కొట్టిన గుఱ్ఱమునకు పెక్కు దోషములు సంక్రమించుననియు, అవి దాని జీవితాంతము విడువవనియు నందు చెప్పబడినది. దోషములు పుట్టుకతో వచ్చునవి కావు, చేతితో పెట్టబడునవి యను మాటను ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము. క్రీ.పూ. 4వ శతాబ్దిలో గ్రీసుదేశమున క్షేనొఫోను వ్రాసిన యశ్వారోహణగ్రంథ మిదే తీర్పు నిచ్చినది. గుఱ్ఱముతో కోపమున వ్యవహరింపరాదని యతని నియమము. ఏదైన వస్తువును చూచి గుఱ్ఱము బెదరినపుడు కొట్టుటచే భయము హెచ్చును. ఆ వస్తువున భయకారణము లేదని మెల్లగా దగ్గఱకు తీసికొనిపోయి చూపవలయునని యతడు బోధించెను. ఒకరినొక రెఱుగని రెండు సంప్రదాయము లొకే చోట కలియుట యాదృచ్ఛికము కాదు. గుఱ్ఱ మొకటియే యగుటచే ననుభవ మొకటియే యైనది.

ఈ విషయమున కృష్ణాతీరమునకు తనదైన వారసత్వము కలదు. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేటలు బౌద్ధమునకు నిలయములైన సీమ యిది. జగ్గయ్యపేటలో దొరకిన చక్రవర్తిశిల్పము క్రీ.పూ. 1వ శతాబ్దిదని సాధారణముగా నెన్నబడుచున్నది. అందు రాజు చుట్టును సప్తరత్నములు గలవు. వానిలో నొకటి యశ్వరత్నము. రాణి, మణి, చక్రములతో సమానముగా గుఱ్ఱము నిలిచినది. అమరావతిశిల్పులు మదించిన నాళాగిరియను నేనుగు కథను ఒక వర్తులఫలకమున మలచిరి. ఒకవైపున నది జనమును త్రొక్కుచు వచ్చుచున్నది; అదే ఫలకమున రెండవవైపున బుద్ధుని పాదముల యొద్ద మోకరిల్లినది. దుష్టమును వినీతమును వేర్వేఱు జంతువులు కావనియు, ఒకే జంతువుయొక్క రెండు స్థితులనియు రాతిలో చెప్పిన వ్యాఖ్యాన మిది.

ఆ శిల్పముల వెనుకనున్న ధర్మమున కిశోరశిక్షణమును గూర్చి రెండు సుత్తములు గలవు. మజ్ఝిమనికాయమందలి భద్దాలిసుత్తమున, నేర్పరియైన సాహిణి మేలుజాతి కిశోరమును సంపాదించి మొదట కళ్లెమునకు అలవాటు చేయును. మునుపెన్నడును చేయని పని యగుటచే నది పెనగులాడును, మెలికలు తిరుగును. మరల మరల, క్రమక్రమముగా చేయించుటచే నది శాంతించును. ఆ పిదపనే నుగ కట్టును. ఆ పిదప నడక, వలయము, వేగము. ఒక మెట్టున శాంతింపక రెండవ మెట్టు లేదు. పెనగులాటకు కారణముగా దుష్టత్వమును కాక, క్రొత్తదనమును చెప్పుట యీ యుపమకు ప్రాణము.

రెండవది అంగుత్తరనికాయమందలి కేసిసుత్తము. అశ్వశిక్షకుడైన కేసి బుద్ధునితో, తాను మృదువుగను, పరుషముగను, రెండు విధములను కలిపియు శిక్షింతునని చెప్పును. ఎట్లును లొంగనిదానిని చంపుదునని యనును. ఇది నా వాదమునకు ప్రతికూలమని తోచవచ్చును. కాని యతడు చెప్పిన కారణము వినదగినది: తన యాచార్యకులమునకు అపకీర్తి రాకుండుటకై యట్లు చేయునట. అనగా లొంగని గుఱ్ఱము బ్రదికియుండుట శిక్షకుని యోటమికి సాక్ష్యమని యతడే యొప్పుకొనుచున్నాడు. బుద్ధుడు తన పక్షమున ఆ వధకు వేఱర్థము చెప్పెను: ఉపదేశింపదగినవాడు కాడని మానుటయే యార్యధర్మమున వధ. శిష్యుని విడిచిపుచ్చుట చంపుటతో సమానమను నీ మాటను శతకపద్యము ప్రక్కన నుంచి చదివిన, విడుచుటయను క్రియ యెంత బరువైనదో తెలియగలదు.

విజయవాడతో నీ విచారమునకు వేఱొక ముడి కలదు. 1509 నుండి 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగవిజయమునకు పోవుచు విజయవాడలో కొన్నిదినములు విడిసి, శ్రీకాకుళాంధ్రవిష్ణువును సేవింపబోయి, స్వప్నాదేశమున ఆముక్తమాల్యదకు పూనుకొన్నట్లు తానే చెప్పుకొనినాడు. ఆ శ్రీకాకుళము నేటి కృష్ణాజిల్లాలోనిదే. ఆ కావ్యపు రాజనీతిలో, ఏనుగులను మేలిగుఱ్ఱములను దెచ్చు దూరద్వీపవర్తకులను ఆదరించి, అవి శత్రువులకు చేరకుండ చూచుకొనుమను నుపదేశ మున్నది. నూనిజ్ యను పోర్చుగీసు రచయిత విజయనగరరాజు ఏటేట హోర్ముజు గుఱ్ఱములును దేశవాళీలును కలిపి 13,000 కొనుచుండెనని వ్రాసినాడు. ఈ రెండింటిని కలిపి చదువువారు వర్తకమును, రాజనీతిని చర్చించి ముగింతురు. గుఱ్ఱము పక్షమున నొక్కరును నిలువలేదు. ఓడలో నూగుచు, తెలియని రేవున దిగి, తెలియని మేత తినుచు, ఎన్నడును వినని భాషలో ఆజ్ఞలు విను గుఱ్ఱము మొదటి దినములలో మొరాయింపక యేమి చేయును? రాయల పద్యము క్రయముతో ముగియును; శాలలో జరుగవలసిన పని యటుపై మొదలగును. ఆ పని చెడినచో నేమగునో 13వ శతాబ్ది చివర దక్షిణదేశమును చూచిన మార్కోపోలో చెప్పినాడు. మాబారురాజులు వేలకొలది గుఱ్ఱములను కొనియు, పోషణ మెఱుగమిచే సంవత్సరాంతమునకు నూఱింటిని గూడ మిగుల్చుకొనలేకుండిరని యతని వ్రాత. సంఖ్య లతిశయోక్తులైనను కారణము నమ్మదగినది: వండిన యన్నమును మాంసమును మేపుట, వైద్యులు లేకుండుట. మోటుపల్లిసీమను గూర్చియు వ్రాసిన యా యాత్రికుడు గుఱ్ఱముల చావునకు గుఱ్ఱములను నిందింపలేదు.

నేటి శాస్త్రము చెప్పునది పైమాటలకు పొడిగింపే. గుఱ్ఱము వేటాడబడు జంతువు. ప్రమాదము తోచినపుడు పాఱిపోవుటయే దాని రక్షణము. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే నది దాదాపు చుట్టును చూడగలదు. కాని నుదుటి ముందు కొంతమేర, తోక వెనుక కొంతమేర దానికి కన్పట్టదు. వెనుకనుండి యాకస్మికముగా వచ్చినవానిని తన్నుట క్రౌర్యము కాదు, చూడలేనిదానిపట్ల భయము. శిక్షణమున ముఖ్యము ఒత్తిడి కాదు, ఒత్తిడిని వదలు క్షణము. వాగె నించుక లాగినపుడు గుఱ్ఱ మాగెనా, ఆ క్షణముననే వాగెను సడలింపవలయును. సడలింపనిచో దానికి ఆగుటవలని లాభము తెలియదు; పెనగుటయే యుపాయమని నేర్చుకొనును. పెనగినపుడు రౌతు భయపడి సడలించినచో, పెనగుమని తానే నేర్పినవాడగును. ఇట్లు దుష్టాశ్వము తన గురువు చెప్పిన పాఠమును తప్పక యొప్పగించు శిష్యుడు. పాఠమే తప్పు.

కృష్ణాడెల్టాలో గుఱ్ఱము కాపువాని జంతువు కాదు. నల్లరేగడి బురదలో, 1855లో పూర్తియైన యానకట్ట కాలువలక్రింది మాగాణములలో ఎద్దే రాజు. గుఱ్ఱమును మనవా రెఱిగినది పట్టణపు జట్కాబండికి కట్టి, కంటికి గంతలు పెట్టిన రూపముననే. అయినను భద్దాలిసుత్తపు విద్య యీ నేలకు క్రొత్త కాదు. కోడెదూడను కాడికి మప్పు రైతు దానిని మొదటిదినముననే ధాన్యపుబండికి కట్టడు. పనికి మరగిన పెద్దయెద్దు సరసన, తేలికపాటి బరువుతో, కొద్దిదూరము నడిపించును. మెడ కాయకాచువఱకు ఓర్చుకొనును. మప్పుటయను తెలుగుమాటలో అలవాటు, ఓర్పు, క్రమము మూడును గలవు. వినయశబ్దమునకు మన యింట నిలిచిన తెలుగు పర్యాయ మిదియే యని చెప్పవచ్చును. కోడెను మప్పుటలో నింత నేర్పు గల జనము గుఱ్ఱమును గూర్చి మాత్రము పద్యమును బట్టి తీర్పు చెప్పుటకు కారణము, గుఱ్ఱము వారికి పుస్తకమున నుండుటయే.

ఇట్లన్నంతమాత్రమున శతకకర్త తప్పు చెప్పెనని కాదు. యుద్ధరంగము శిక్షణశాల కాదు. అచట మొరాయించిన గుఱ్ఱమును దిగి విడువనివాడు తానును చచ్చును, గుఱ్ఱమును చంపును. ప్రతి గుఱ్ఱమును ప్రతి పనికి మలచవచ్చునని వాదించుటయు సత్యమునకు దూరము. కౌటిల్యుడు మందమైనదానిని వేఱుగా నెంచుట యందులకే. కొన్ని గాయములు మానవని శుక్రనీతియే చెప్పినది. నా విన్నప మొక్కటియే: పద్యము చెప్పిన విడుపు రౌతునకు కర్తవ్యము, సాహిణికి కాదు. రౌతు క్షణములో తేల్చుకొనవలసినవాడు. సాహిణి సంవత్సరములు వేచియుండవలసినవాడు. ఒకనికి చెప్పిన నీతిని రెండవవాని నోట పెట్టినపుడు అది నీతి కాదు, సాకు.

ఈ భేదమును తాత్పర్యమున నొక్క వాక్యముతో చేర్చుట కష్టమైన పని కాదు. చేర్పకపోవుటచే కలుగు నష్టము మాత్రము చిన్నది కాదు. ఈ పద్యమును బడిలో చదువునది కిశోరప్రాయమున నున్నవాడు; చదివించునది శిక్షకుని స్థానమున నున్నవాడు. ముందునకు నడువలేని శిష్యుని యెదుట నీ పద్యమును తాత్పర్యకర్తల తీరున బోధించిన యుపాధ్యాయుడు తనకు తెలియకయే రౌతు పక్షము వహించుచున్నాడు. అతడు నిలువవలసినది నకులుని పక్షమున. తన శాలలో పిఱికిదియు దుష్టమును నుండవని సభలో చెప్పగలిగిన మాట యతిశయోక్తి కావచ్చును. శిక్షకునకు తగిన యతిశయోక్తి యదియే.